క్లినిక్‌కి అపాయింట్‌మెంట్ సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

సొంత క్లినిక్ నడిపే డాక్టర్లు, వాళ్ల దగ్గర పనిచేసే మేనేజర్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. నేను చాలా ఏళ్లు ఓపీ కౌంటర్‌లో కూర్చున్నాను. తర్వాత రిజిస్టర్ల నుంచి కంప్యూటర్‌కి మారే క్లినిక్‌లకు సాయపడుతూ వచ్చాను. అందుకే ఇక్కడి జవాబులన్నీ కౌంటర్ వైపు నుంచే ఉంటాయి. డాక్టర్ గదిలో ఎంత బాగున్నా, కౌంటర్ దగ్గర నడవని సాఫ్ట్‌వేర్‌ని మూడు నెలల్లో పక్కన పెట్టేస్తారు.

రోజుకు ఇరవై, ముప్పై మంది వచ్చే చిన్న క్లినిక్‌కి కూడా సాఫ్ట్‌వేర్ అవసరమా?

ఒక డాక్టరు, ఒక రిసెప్షనిస్టు, ఒక రిజిస్టరు ఉండి పని సాఫీగా సాగిపోతుంటే తొందరేం లేదు. రిజిస్టరు చెడ్డది కాదు, కరెంటు పోయినా పనిచేస్తుంది.

కానీ ఒకే టైముకి ఇద్దరికి మాట ఇచ్చేస్తున్నా, పాత ఫైలు దొరికేదాకా పేషెంటును నిలబెడుతున్నా, ఎవరు ఎంత బాకీ ఉన్నారో నెలాఖరున గానీ తెలియకపోయినా వెతకడం మొదలుపెట్టండి. రిసెప్షనిస్టు ఒక్కరోజు సెలవు పెడితే క్లినిక్ అంతా తికమకైపోతుంటే ఇంక ఆగొద్దు. ఏ పేషెంటు ఎప్పుడు రావాలో, ఎవరి ఫైలు ఎక్కడుందో ఒక్క మనిషి తలలోనే ఉందంటే, ఆ మనిషి జ్వరంతో కూడా డ్యూటీకి రావాల్సి వస్తుంది. నేను అలా వచ్చాను.

అపాయింట్‌మెంట్ సాఫ్ట్‌వేర్, ప్రాక్టీస్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్, ఈఎంఆర్ అన్నీ ఒకటేనా?

కాదు. అపాయింట్‌మెంట్ సాఫ్ట్‌వేర్ అంటే ఎవరు, ఎప్పుడు, ఏ డాక్టర్ దగ్గరికి అన్నది చూసేది. దానికి రిజిస్ట్రేషన్, బిల్లింగ్, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లు, రిపోర్టులు కలిస్తే ప్రాక్టీస్ మేనేజ్‌మెంట్. జబ్బు వివరాలు, మందులు, పరీక్షల ఫలితాలు ఉండేది ఈఎంఆర్. చాలా కంపెనీలు మూడూ కలిపి అమ్ముతాయి. కలిపి కొంటే సౌకర్యమే, కానీ మీకు ఇబ్బంది ఎక్కడుందో ఆ భాగం గట్టిగా ఉందో లేదో ముందు చూడండి. బిల్లింగ్ అద్భుతంగా ఉండి క్యాలెండర్ అధ్వాన్నంగా ఉన్నవి నేను చాలా చూశాను.

వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంటర్నెట్‌లో రేటింగ్‌లు చూడమంటారా?

అవి తర్వాత. ముందు మీ కౌంటర్ పక్కన ఒక స్టూలు వేసుకుని ఒక పూట కూర్చోండి. డాక్టర్‌గారే కూర్చుంటే మరీ మంచిది. ఓపీ రద్దీగా ఉండే గంట ఎంచుకోండి. చేతిలో ఒక నోట్‌బుక్ చాలు.

ఏం కనిపిస్తుందో చెప్తాను. ఒక చేత్తో రిసెప్షనిస్టు ఫోను పట్టుకుని ఉంటుంది, అవతల ఎవరో రేపటికి టైము అడుగుతున్నారు. ఎదురుగా ఒక పెద్దాయన రిపోర్టుల కవరు పట్టుకుని నిలబడ్డాడు. లోపలి నుంచి బెల్లు మోగింది, తర్వాతి పేషెంటును పంపాలి. చిల్లర కోసం ఇంకొకరు ఆగారు. ఈ నాలుగూ ఒకే నిమిషంలో. ఆ నిమిషంలో ఆమె కంప్యూటర్‌లో నాలుగు స్క్రీన్లు మార్చగలదా? మార్చలేదు. చీటీ మీద రాసి పెట్టుకుంటుంది, తర్వాత ఎక్కిద్దామని. ఆ చీటీ ఎక్కడో పోతుంది.

ఆ గంటలో ఏ పని ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీసి లెక్కపెట్టండి. ఫోన్లు ఎన్ని, అపాయింట్‌మెంట్ లేకుండా వచ్చినవాళ్లు ఎంతమంది, టైము మార్చమన్నవాళ్లు ఎంతమంది, "ఇంకెంతసేపమ్మా?" అని అడిగినవాళ్లు ఎంతమంది. మీకు ఏ సాఫ్ట్‌వేర్ కావాలో ఆ కాగితం చెప్తుంది.

డెమో చూపిస్తామంటున్నారు. అందులో ఏం చూడాలి?

వాళ్లు చూపించేది చూసి ఊరుకోకండి. మీ క్లినిక్‌లో జరిగిన కష్టమైన సంఘటనలు ఓ అరడజను రాసుకెళ్లి, అవి చేసి చూపించమనండి. డాక్టర్‌గారు గంట ఆలస్యంగా వస్తున్నారు, ఉదయం పేషెంట్లందరికీ ఒకేసారి కబురు పంపాలి. ఒక తల్లి ఇద్దరు పిల్లల్ని తీసుకొచ్చింది, ఇద్దరికీ కలిపి బిల్లు కావాలి. సగం డబ్బు ఇప్పుడు కట్టి మిగతాది వచ్చేసారి ఇస్తామన్నారు. పొరపాటున వేసిన బిల్లు రద్దు చేయాలి. డాక్టరు వారం సెలవు, ఆ వారంలో ఉన్నవాళ్లందర్నీ వేరే రోజులకు మార్చాలి.

కీబోర్డు అమ్మేవాళ్ల చేతిలో కాకుండా మీ రిసెప్షనిస్టు చేతిలో ఉండాలి. కొత్త పేషెంటును చేర్చి టైము ఇవ్వడానికి ఎన్ని క్లిక్‌లు పట్టాయో లెక్కపెట్టండి. ఫోను అవతల మనిషి లైన్లో ఉండగానే పని అయిపోవాలి. "అది తర్వాతి వెర్షన్‌లో వస్తుంది" అంటే, ఇప్పటికి లేదనే రాసుకోండి.

ఒక్కో పేషెంటుకు ఎన్ని నిమిషాల స్లాట్ పెట్టాలి?

ఇది సాఫ్ట్‌వేర్ కన్నా పెద్ద ప్రశ్న, చాలామంది దీన్ని దాటేస్తారు. డాక్టర్‌ని అడిగితే "పది నిమిషాలు" అంటారు. గడియారం వేరే మాట చెప్తుంది. ఒక వారం పాటు ప్రతి పేషెంటు లోపలికి వెళ్లిన టైము, బయటికి వచ్చిన టైము రాయండి. కొత్తవాళ్లకి ఎంత, రివ్యూకి వచ్చినవాళ్లకి ఎంత, డ్రెస్సింగ్‌కో ఇంజెక్షన్‌కో వచ్చినవాళ్లకి ఎంత, విడివిడిగా సగటు తీయండి. వీటన్నిటికీ వేర్వేరు నిడివి పెట్టుకోనివ్వని సాఫ్ట్‌వేర్‌ని నేనైతే అక్కడే వదిలేస్తాను.

ఈ లెక్క మీద పరిశోధన కొత్తది కాదు. నార్మన్ బెయిలీ అనే గణాంక శాస్త్రవేత్త, వెల్చ్‌తో కలిసి 1952లోనే ఆస్పత్రి ఓపీల అపాయింట్‌మెంట్ల మీద లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. వాళ్ల సూచన చాలా సింపుల్: మొదటి టైముకి ఇద్దర్ని రమ్మనండి, ఆ తర్వాత సగటు కన్సల్టేషన్ ఎంతసేపో అంత ఎడంతో ఒక్కొక్కర్నే పిలవండి. మొదటివాళ్లు ఆలస్యమైతే డాక్టరు ఖాళీగా కూర్చోరు, వెనకున్నవాళ్లకి ఎదురుచూపు మరీ పెరగదు. డెబ్బై ఏళ్లు దాటినా ఇప్పటికీ చాలా క్లినిక్‌లు పొద్దున తొమ్మిదింటికే పదిహేను మందికి ఒకే టైము ఇచ్చేస్తున్నాయి. ఆ పదిహేనో మనిషి పనికి సెలవు పెట్టి వచ్చిన కూలీ కావచ్చు, షుగరు ఉండి ఏమీ తినకుండా వచ్చిన పెద్దావిడ కావచ్చు.

ఇంకో సంగతి. టైము లేకుండా ఎవరు ఎప్పుడొస్తారో తెలియని ఓపీలో, డాక్టర్ టైములో 80 శాతం నిండితే సగటు ఎదురుచూపు ఒక కన్సల్టేషన్‌కి 4 రెట్లు ఉంటుందని క్యూల గణితం చెప్తుంది. 90 శాతం నిండితే 9 రెట్లు. అంటే పది నిమిషాల కన్సల్టేషన్‌కి నలభై నిమిషాలు కాస్తా తొంభై నిమిషాలవుతుంది. రోజంతా ఒక్క స్లాట్ కూడా ఖాళీ లేకుండా నింపాలనుకునే క్లినిక్‌లు ఈ లెక్క చూడాలి. మధ్యలో రెండు, మూడు చోట్ల ఊపిరి తీసుకునే ఖాళీ వదలండి. అలా స్లాట్‌ని బ్లాక్ చేసుకునే వీలు సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి.

అపాయింట్‌మెంట్ లేకుండా వచ్చేవాళ్ల సంగతేంటి?

వాళ్లు వస్తారు, రావాలి కూడా. జ్వరం ముందే చెప్పి రాదు. టోకెన్ క్యూ, టైము క్యూ రెండూ ఒకే స్క్రీన్‌లో కలిసి కనిపించాలి. రెండింటికీ రెండు లిస్టులుంటే కౌంటర్ దగ్గర గొడవ తప్పదు. అమెరికాలో మార్క్ మర్రే, కేథరిన్ టాంటావ్ 2000లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటుంది, ఈరోజు పని ఈరోజే చేసేయాలని. రోజులో కొంత భాగం ముందుగా బుక్ చేయకుండా, ఆ రోజు ఫోన్ చేసినవాళ్ల కోసమే ఉంచుతారు. పూర్తిగా అలా మారకపోయినా, కొన్ని స్లాట్లు ఆ ఉదయం దాకా తెరుచుకోకుండా దాచిపెట్టే ఏర్పాటు ఉందా అని అడగండి.

టైము తీసుకుని రానివాళ్లని ఎలా తగ్గించాలి?

ముందురోజు మెసేజ్ పంపండి. అది పనిచేస్తుందని 2013 నాటి కాక్రేన్ సమీక్ష (ఒక విషయం మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసేది) కూడా తేల్చింది. ఏ రిమైండరూ లేనప్పటికన్నా మెసేజ్ పంపితే ఎక్కువమంది వస్తారు, ఫోన్ చేసి చెప్పినదానికి ఇది దాదాపు సమానం.

అయితే మెసేజ్‌లో "రాలేను" అని చెప్పే దారి ఉండాలి. కొంతమంది రాకపోవడానికి కారణం నిర్లక్ష్యం కాదు, రద్దు చేద్దామంటే ఫోను కలవకపోవడం. ఒక నొక్కుతో రద్దు అయిపోయి, ఆ ఖాళీ వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకి వెంటనే వెళ్తే రెండు వైపులా మేలు. రానివాళ్ల లెక్క చూసుకుని ప్రతి స్లాట్‌కీ ఇద్దర్ని వేసేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అందరూ వచ్చిన రోజున ఆ భారం అంతా బెంచీ మీద కూర్చున్న పేషెంటు మీద పడుతుంది.

ఆన్‌లైన్ బుకింగ్ పెట్టాలా?

పెట్టండి, కానీ అన్ని స్లాట్లూ అందులో పెట్టొద్దు. ఫోన్ వాడటం రాని పెద్దవాళ్లే చాలా క్లినిక్‌లకు ఎక్కువసార్లు వచ్చే పేషెంట్లు. వాళ్లు కౌంటర్‌కి వచ్చేసరికి అన్నీ ఆన్‌లైన్‌లో అయిపోయాయంటే అన్యాయం. బుక్ చేయడానికి యాప్ డౌన్‌లోడ్ చేసుకోవాలంటే కూడా ఆలోచించండి. ఏడాదికి రెండుసార్లు వచ్చే మనిషి దాని కోసం యాప్ పెట్టుకోరు.

ఒకే పేరున్న పేషెంట్లు చాలామంది ఉన్నారు. అదేమైనా సమస్యా?

నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన సమస్య అదే. ఒక క్లినిక్‌లో రివ్యూకి వచ్చిన ఒకావిడ పేరు టైప్ చేస్తే అదే పేరుతో రెండు వరసలు వచ్చాయి, వయసులో ఒక్క ఏడాది తేడా. రద్దీలో పైనున్న దాన్ని నొక్కారు. లోపల డాక్టర్‌గారు యాంటీబయాటిక్ రాస్తున్నారు. ఆవిడే, "నాకు పెన్సిలిన్ పడదని పోయినసారి రాసుకున్నారు కదా సార్?" అన్నారు. స్క్రీన్ మీద ఉన్న ఫైలులో ఆ మాట లేదు, ఎందుకంటే అది ఆవిడ ఫైలు కాదు. ఆవిడ నోరు తెరిచి అడక్కపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయమేస్తుంది.

కాబట్టి ఇవి అడగండి. ఫోన్ నంబరు, పుట్టిన తేదీ, పేషెంట్ నంబరు, వీటిలో దేనితోనైనా వెతకొచ్చా? పేరు పక్కనే పుట్టిన తేదీ, ఫోటో కనిపిస్తాయా? కొత్తగా చేర్చేటప్పుడు "ఇలాంటి పేషెంటు ఇప్పటికే ఉన్నారు" అని హెచ్చరిస్తుందా? పొరపాటున రెండు ఫైళ్లు తయారైతే కలపొచ్చా, తప్పుగా కలిపితే మళ్లీ విడదీయొచ్చా? ఒకే ఫోన్ నంబరుతో ఇంట్లో ఐదుగురు ఉంటారని దానికి తెలుసా? పేరు స్పెల్లింగ్ రకరకాలుగా రాస్తారు, కాస్త తేడాగా టైప్ చేసినా దొరుకుతుందా?

కౌంటర్‌కి ఒక అలవాటు నేర్పండి. "మీ పేరు ఫలానా కదా?" అని అడిగితే వినపడకపోయినా అవుననేస్తారు. "మీ పేరు, పుట్టిన తేదీ చెప్పండి" అని అడగాలి.

క్లౌడా, క్లినిక్‌లోనే సర్వర్ పెట్టుకోవాలా?

క్లౌడ్ అంటే డేటా కంపెనీవాళ్ల సర్వర్లలో ఉంటుంది, మీరు నెట్ ద్వారా వాడతారు. కంప్యూటర్లు చూసుకునే మనిషి లేని చిన్న క్లినిక్‌కి అదే నయం. అప్‌డేట్లు, బ్యాకప్‌లు వాళ్లు చూసుకుంటారు, రెండో బ్రాంచి పెట్టినా అదే లాగిన్. సర్వర్ మీ దగ్గరుంటే నెట్‌తో పని తక్కువ, కానీ అది పాడైన రోజు బాధ్యతంతా మీదే. చాలా చోట్ల ఆ సర్వర్ అంటే కౌంటర్ కింద దుమ్ము పట్టిన పాత కంప్యూటరే.

నెట్ పోతే ఏం చేయాలి?

ప్రతిరోజూ పొద్దున్నే ఆ రోజు లిస్టు ఒక కాపీ ప్రింట్ తీసి కౌంటర్ దగ్గర పెట్టుకోండి. మొబైల్ డేటాతో నడిచే ఇంకో దారి సిద్ధంగా ఉంచండి. ఖాళీ రసీదు పుస్తకం ఒకటి సొరుగులో ఉండాలి. నెట్ లేకుండా సాఫ్ట్‌వేర్ ఎంతవరకు నడుస్తుందో డెమోలోనే వైఫై ఆపేసి చూడండి. ఆ పరీక్షకి ఒక్క నిమిషం చాలు.

బ్యాకప్ వాళ్లే తీస్తారట. అంతే కదా?

తీస్తే సరిపోదు, తిరిగి తెరుచుకోవాలి. చివరిసారి బ్యాకప్ నుంచి డేటా వెనక్కి తెచ్చి ఎప్పుడు పరీక్షించారో అడగండి. తేదీ చెప్పలేకపోతే అనుమానించండి. సర్వర్ మీ దగ్గరే ఉంటే 3-2-1 పద్ధతి పాటించండి: 3 కాపీలు, 2 రకాల నిల్వల్లో, అందులో 1 వేరే చోట. ఎప్పుడూ కంప్యూటర్‌కి తగిలించే ఉంచిన హార్డ్ డిస్కు వేరే కాపీ కిందికి రాదు, ఎందుకంటే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) దానికి కూడా తాళం వేసేస్తుంది.

2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్య సేవల కంప్యూటర్లని పట్టుకున్నప్పుడు, 19,000కు పైగా అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయన్న అంచనాని అక్కడి ఆడిట్ ఆఫీసు తన నివేదికలో ఇచ్చింది. అది దూరిన కన్నాన్ని మూసే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది. కాబట్టి కౌంటర్ కంప్యూటర్‌లో "తర్వాత గుర్తుచేయి" అని నొక్కుతూ పోయే ఆ అప్‌డేట్‌ని ఈ రాత్రే వేయించండి.

పేషెంట్ వివరాల గోప్యత గురించి ఏం అడగాలి?

అందరూ ఒకే పాస్‌వర్డ్ వాడే క్లినిక్‌లో గోప్యత ఉండదు. ప్రతి ఒక్కరికీ సొంత లాగిన్, రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోనుకి వచ్చే కోడ్ లాంటిది) ఉండాలి. బిల్లు వేసే మనిషికి జబ్బు వివరాలు కనిపించాల్సిన పని లేదు. ఎవరు ఏ ఫైలు ఎప్పుడు తెరిచారో చెరిపేయలేని లాగ్, అంటే దానంతటదే నమోదయ్యే చిట్టా, ఉండాలి. ఉద్యోగం మానేసిన రోజే వాళ్ల లాగిన్ ఆపేయాలి. డేటా ఏ దేశంలో ఉంటుంది, మీ దేశపు చట్టానికి సరిపోతుందా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట చాలదు.

మెసేజ్‌లో ఏం వెళ్తోందో కూడా చూడండి. "రేపు 11 గంటలకు మీ అపాయింట్‌మెంట్" చాలు. ఏ విభాగమో, ఏ పరీక్షో రాయొద్దు. ఆ ఫోను ఇంట్లో ఇంకెవరి చేతిలోనో ఉండొచ్చు. హాల్లో టీవీ మీద పూర్తి పేర్లు వేసే బదులు టోకెన్ నంబరు వేయండి.

రేపు ఈ సాఫ్ట్‌వేర్ వదిలేయాలంటే మా డేటా మాకు వస్తుందా?

సంతకం పెట్టేముందే అడగాల్సిన ప్రశ్న ఇది. డేటా మీదేనని, అడిగిన ఇన్ని రోజుల్లో మామూలుగా చదవగలిగే ఫార్మాట్‌లో ఇస్తామని, దానికి ఇంత ఖర్చని ఒప్పందంలో ఉండాలి. పేషెంట్ల లిస్టు ఒక్కటే సీఎస్‌వీ (ఎక్సెల్‌లో తెరుచుకునే మామూలు పట్టిక) ఫైలులో ఇచ్చి, విజిట్లు, ప్రిస్క్రిప్షన్లు, స్కాన్ చేసిన కాగితాలు ఇవ్వకపోతే అది సగం డేటానే. ట్రయల్‌లో ఉండగానే ఒకసారి ఎక్స్‌పోర్ట్ నొక్కి, వచ్చిన ఫైలు తెరిచి చూడండి. తెలుగులో రాసిన పేర్లు చదవగలిగేలా ఉన్నాయా, తేదీల్లో రోజు, నెల తారుమారయ్యాయా అన్నది అప్పుడే తెలుస్తుంది.

ప్రమాణాల పేర్లు కూడా తెలిసుండాలి. వైద్య డేటా ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి పోవడానికి, 1987లో మొదలైన హెచ్‌ఎల్7 సంస్థ రూపొందించినది ఎఫ్‌హెచ్‌ఐఆర్, వాడుకలో "ఫైర్" అంటారు. ఎక్స్‌రే, స్కాన్ చిత్రాలకు డైకామ్, 1993 నుంచి ఉన్నదే. జబ్బుల కోడ్‌లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ, అందులో 11వది 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మీ ల్యాబ్, మీ స్కానింగ్ సెంటర్ ఏది వాడుతున్నాయో కనుక్కుని, దానితో కలుస్తుందా అని అడగండి. "ఫైర్ సపోర్ట్ ఉంది" అంటే, ఇప్పుడు ఏ ల్యాబ్‌తో నడుస్తోందో చూపించమనండి.

ఖర్చు ఎలా లెక్కవేయాలి?

నెలవారీ చందా చూసి నిర్ణయించొద్దు. మూడేళ్లకి మొత్తం ఎంతవుతుందో ఒకే కాగితం మీద రాయించుకోండి. డాక్టరుకి ఇంతా, లాగిన్‌కి ఇంతా, మెసేజ్‌కి ఇంతా, పాత డేటా ఎక్కించడానికి, ట్రైనింగ్‌కి, సపోర్ట్‌కి విడిగా ఎంత, రెండో ఏడాది ధర ఎంత పెరగొచ్చు అన్నవన్నీ అందులో రావాలి. లాగిన్‌కి ఇంత అని తీసుకునేచోట, డబ్బు ఆదా కోసం అందరూ ఒకే లాగిన్ వాడటం మొదలుపెడతారు. పైన చెప్పిన గోప్యత అక్కడే పోతుంది.

సపోర్ట్ ఎలా ఉంటుందో కొనేముందే తెలుసుకోవచ్చు. మీ ఓపీ రద్దీగా ఉండే టైములో వాళ్ల నంబరుకి ఫోన్ చేసి చూడండి.

డాక్టర్‌గారికి టైప్ చేయడం ఇష్టం లేదు. ఎలా?

బలవంతం చేయొద్దు. పేషెంటు ముఖం చూస్తూ మాట్లాడే డాక్టర్‌ని స్క్రీన్ వైపు తిప్పడం నాకూ ఇష్టం ఉండదు. చేత్తో రాసిన ప్రిస్క్రిప్షన్‌ని కౌంటర్‌లో స్కాన్ చేసి పేషెంటు ఫైలులో పెడితే మొదటి ఏడాదికి చాలు. కానీ పడని మందులు, వాడుతున్న మందులు మాత్రం టైప్ చేసే ఉండాలి. ఫోటోలో ఉన్న అక్షరాలను చూసి సాఫ్ట్‌వేర్ ఎవర్నీ హెచ్చరించలేదు.

పాత రికార్డులన్నీ ఎక్కించాలా?

అక్కర్లేదు. పేరు, ఫోను, పుట్టిన తేదీ, అలర్జీలు, బాకీలు ముందు ఎక్కించండి. మిగతా ఫైలు ఆ పేషెంటు ఈసారి వచ్చినప్పుడు స్కాన్ చేస్తే సరి. కాగితం ఫైళ్లు ఎన్నేళ్లు దాచాలో చట్టం చెప్పినంతకాలం దాచండి.

మారే రోజు ఎప్పుడు పెట్టుకోవాలి?

నెల మొదటి తారీఖున, సెలవు మర్నాడు, డాక్టర్‌గారు ఊరెళ్లి వచ్చిన రోజు పెట్టొద్దు, అవన్నీ రద్దీ రోజులే. ఓపీ పల్చగా ఉండే వారం మధ్యలో మొదలుపెట్టండి. మొదటి వారం ఇచ్చే స్లాట్లు నాలుగో వంతు తగ్గించండి. ఆ వారం రిజిస్టరు కూడా పక్కనే నడవనివ్వండి, కానీ ఆపే తేదీ ముందే నిర్ణయించి గోడ మీద రాయండి, లేకపోతే రెండూ ఏడాదంతా నడుస్తాయి, రెండింటిలో ఏది నిజమో ఎవరికీ తెలియదు.

మొదటి మూడు రోజులు సాయంత్రం ఓపీ అయ్యాక పది నిమిషాలు కౌంటర్ వాళ్లతో కూర్చోండి. ఎక్కడ ఆగిపోయారో అడగండి. చెప్పడానికి మొహమాటపడతారు, తమ తప్పనుకుంటారు. వాళ్లు రోజంతా చీటీల మీద ఏం రాసుకున్నారో ఆ చీటీలు చూపించమనండి. సాఫ్ట్‌వేర్‌లో ఇంకా కుదరని పనులన్నీ వాటి మీదే ఉంటాయి, కంపెనీవాళ్లకి ఫోన్ చేసేటప్పుడు వాటినే ముందు పెట్టుకోండి.